తొలికట్టు

గోవిందమ్మాళ్ చేతులు మోచేతుల దాకా పేడలో ఉన్నప్పుడు ఆ కబురు వచ్చింది.

ఆడి నెల శుక్రవారం. ఎండ ఇంకా కళ్లంలోకి దిగలేదు. రాజపాళయం నుంచి సత్రపట్టి పోయే దారి పక్కన, కట్టుగుడ్డ షెడ్డు వెనక, నలభై గజాల పొడవున్న కళ్లం అది. చుట్టూ తాళ్లు తీసేసిన తాటి మొద్దులు వరసగా నిలబడి ఉన్నాయి. గోవిందమ్మాళ్ నడుం వంచి, కుడిచేత్తో అర్ధచంద్రాలు తిప్పుతూ, అలుకుతూ, వెనక్కి వెనక్కి జరుగుతోంది. ఒక అర్ధచంద్రం అంచు మీద ఇంకోదాని అంచు పడాలి. మధ్యలో వేలెడు జాగా మిగిలినా ఆమె మళ్లీ ముందుకొచ్చి అలికేది. తొట్లలో తెల్లబడిన గుడ్డ ఎనిమిది గంటలకల్లా ఈ నేల మీద పరుచుకుంటుంది. పుండ్లకు, గాయాలకు కట్టే గుడ్డ. శుద్ధమైన నేల మీదే ఆరాలని ఆమె పట్టు.

"అక్కా!" బండి తోలే మారియప్పన్ కళ్లం అంచునే ఆగిపోయాడు. తడి అలుకు మీద కాలు పెడితే ఆమె ఊరుకోదని అతనికి తెలుసు. "కమలమ్మాళ్ బిడ్డకి దవడలు పట్టుకొనెనంట. రేతిరి నించి పాలు తాగలేదంట."

చెయ్యి ఆగింది.

"ఎన్నో దినం?"

"ఏడో దినం."

ఆమె ఇంకేం అడగలేదు. తొట్టి నీళ్లలో చేతులు ముంచి, చీర కుచ్చెళ్లకు తుడుచుకుంటూ నడిచింది. షెడ్డులో గుడ్డ చుట్టే మరను తిప్పేది కమలమ్మాళ్. పెళ్లయిన ఆరేళ్లకు పుట్టిన బిడ్డ.

ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. చీకటి గదిలో చాప మీద బిడ్డ ఉంది. పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. పెదవులు రెండు పక్కలకూ లాగుకుపోయి, చూసేవాళ్లకు నవ్వుతోందేమో అనిపించేలా ఉంది ముఖం. కమలమ్మాళ్ రొమ్ము తెచ్చి ఆ పెదవులకు ఆనిస్తోంది. పాలు బుగ్గ మీదుగా కారిపోతున్నాయి. వంటింట్లో ఎవరి చెయ్యి తగిలిందో, చెంబు మూత కింద పడింది. ఆ చిన్న చప్పుడుకే బిడ్డ ఒళ్లు విల్లులా పైకి లేచింది. తల వెనక్కి, మడమలు వెనక్కి.

"ఇది నాచ్చియార్ పనే," అంది గోవిందమ్మాళ్ మెల్లగా. "చిత్తిరై నెల నించి ఇది మూడోది. మూడూ ఆమె చేతిలో పడిన బిడ్డలే."

మిట్టమధ్యాహ్నం కల్లా బిడ్డ పోయింది. పూడ్చి వచ్చిన సాయంత్రమే, తడి బట్టలతోనే పది మంది ఆడవాళ్లు నాచ్చియార్ గుడిసె ముందు నిలబడ్డారు. అందరికంటే ముందు గోవిందమ్మాళ్.

నాచ్చియార్ ఆ ఊరి మంత్రసాని, అక్కడి మాటలో మరుత్తువచ్చి. అరవైకి దగ్గర పడిన మనిషి. అందరూ మొదలాళి అనే షెడ్డు యజమాని పత్తిచేను గట్టున ఆమె గుడిసె. మూత పెట్టిన కుండ కింద మంట ఎగదోస్తోంది. మూత సందులోంచి ఏదో తెల్లటి గుడ్డ ఉడుకుతూ కనబడుతోంది.

"మా వీధిలో ఇంగ కాలు పెట్టొద్దు," అంది గోవిందమ్మాళ్. "నీ చెయ్యి పాము కోర మాదిరి ఉండాది. బిడ్డ బొడ్డు కోస్తా ఉండావా, గొంతు కోస్తా ఉండావా?"

నాచ్చియార్ లేచి నిలబడింది. ముఖంలో కోపం లేదు. అదే గోవిందమ్మాళ్‌కు మంట పుట్టించింది.

"అక్కా, ఒక మాట అడగనా? కమలమ్మాళ్‌కి నువ్వు ఇస్తివే తొలికట్టు, అది ఏ దినం కోసిన గుడ్డ?"

"ఏమే! నా గుడ్డ మీదకి తోస్తా ఉండావా?"

"సుమ్మా, ఊరికే అడిగినాను."

"చూడండమ్మా దీని తెంపు! బిడ్డని మింగి, గుడ్డకి లెక్క అడుగుతా ఉండాది!"

ఎవరో మట్టిపెళ్ల విసిరారు. అది కుండకు తగిలి పొడిపొడి అయింది. నాచ్చియార్ వంగి, మూత సరిగ్గా పెట్టి, మళ్లీ మంట ఎగదోసింది.

*

తొలికట్టు అంటే ఆ షెడ్డు మర్యాద. షెడ్డులో పనిచేసే ఇంట్లో కాన్పు అయితే, బిడ్డ బొడ్డు కట్టడానికి ఒక గుడ్డ చుట్ట ఇస్తారు. కళ్లం మీద ఆరిన తానులోంచి మొదటి మూర కోసి, చుట్టి, నీలం కాగితంలో పెట్టి, ఎర్రదారంతో మూడు ముళ్లు వేయాలి. ఆ పని గోవిందమ్మాళ్‌ది. ఆమె ముడి ఆమెకు తప్ప ఇంకొకరికి రాదు.

కూతురు గోమతి కోసం వారం ముందే కట్టి సామి పటం కింద పెట్టింది. మొదటి కాన్పు. అల్లుడు మాధవన్ నూలు మిల్లులో పగటి షిఫ్టు. ఈసారి నాచ్చియార్ కాదు, ఊళ్లోంచి నర్సమ్మను పిలవాలని ముందే అనుకున్నారు.

నొప్పులు అంతవరకు ఆగలేదు.

మంగళవారం పొద్దున గోవిందమ్మాళ్ కళ్లం అలికి, గుడ్డ పరిచి, ఒక కొస తిరగేస్తుండగా పక్కింటి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఆమె ఇల్లు చేరేసరికి తలుపు దగ్గరేసి ఉంది. లోపల్నుంచి కొత్త గొంతు ఏడుపు. ఆ ఏడుపు వెనక, తనకు బాగా తెలిసిన ఇంకో గొంతు.

"అంతే తల్లీ, అంతే. ఐపోయె."

తలుపు తోసింది. నాచ్చియార్ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చేతుల్లో నెత్తుటి ముద్దలా మగబిడ్డ.

"నిన్ను ఎవురు పిలిచె?"

"నేనే పిలిస్తిని అమ్మా," అంది గోమతి. జుట్టంతా చెమటకు ముఖానికి అతుక్కుంది. "నర్సమ్మ మంసాపురం పోయినాదంట. నేను చచ్చిపోతా అనుకొంటిని."

బొడ్డు ఇంకా కోయలేదు. ఇక్కడ పోట్లాడితే బిడ్డకే నష్టం. గోవిందమ్మాళ్ సామి పటం కిందనుంచి నీలం పొట్లం తెచ్చి నాచ్చియార్ ముందు పెట్టింది.

"దీంతో కట్టు. నీ పాతగుడ్డలు నా మనవడి మీద పడకూడదు. తెలిసెనా?"

నాచ్చియార్ పొట్లాన్ని చూసింది. తర్వాత గోవిందమ్మాళ్ చేతుల్ని చూసింది. గోళ్ల సందుల్లో పచ్చగా ఎండిన పేడ.

"వేన్నీళ్లు కావాల అక్కా. బాగా మరగనీ. మరిగినాకనే ఎత్తుకొని రా."

గోవిందమ్మాళ్ వంటింట్లోకి వెళ్లింది. తడి కట్టెలు పొగ చిమ్మాయి. నీళ్లు మరిగి, కళ్లలో నీళ్లతో తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. బిడ్డను మెత్తటి చీరముక్కలో మెడ దాకా చుట్టి గోమతి పక్కన పడుకోబెట్టారు. నాచ్చియార్ ముందు పొట్లం లేదు. నేల మీద ఎర్రదారం ముక్క కూడా లేదు.

"కట్టితివా?"

"కట్టినాను." నాచ్చియార్ చేతులు కడుక్కుంది. ఆ మరిగిన నీళ్లను చల్లార్చి, సీకాయతో, మోచేతుల దాకా. "పది దినాలు ఎవురూ విప్పొద్దు. బూడిద పెట్టొద్దు, పసుపు పెట్టొద్దు, నూనె పెట్టొద్దు. దానంతట అదే రాలిపోతాది."

"విప్పితే ఏం కనిపిస్తాదని భయమా నీకు?"

నాచ్చియార్ లేచింది. గోవిందమ్మాళ్ ఆమెకు తాంబూలం ఇవ్వలేదు. పడి కొలత వడ్లూ ఇవ్వలేదు. మంత్రసాని ఉత్తచేతులతో గుమ్మం దిగి పోవడం ఆ వీధి అంతా చూసింది.

*

ఆ రోజు నుంచి గోవిందమ్మాళ్ దినాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

రెండో దినం బిడ్డ బాగా తాగాడు. మూడో దినం రెండుసార్లు కక్కాడు. కమలమ్మాళ్ బిడ్డ కూడా మూడో దినం కక్కిందని ఎవరో అన్నారు. నాలుగో దినం శుక్రవారం, కళ్లం అలకాలి. అలుకుతూనే మధ్యలో రెండుసార్లు ఇంటికి పోయి చూసొచ్చింది.

"ఒక్కసారి విప్పి చూస్తానే గోమతీ. బొడ్డు చీము పట్టినాదేమో."

"వద్దమ్మా." గోమతి బిడ్డను రొమ్ముకు అదుముకుంది. "ముట్టొద్దన్నారు కదా."

"ఎవురు? ఆ మరుత్తువచ్చా? దాని మాట నీకు ఎప్పటి నించి వేదమాయె? పేగు తెంచుకొని కన్న అమ్మని నేను!"

"నువ్వు కళ్లం నించి వచ్చినావు. ఒంటి మీద దుమ్ము ఉండాది. పో, పోయి అన్నం తిను."

కూతురు తన కళ్లలోకి చూడకపోవడం గోవిందమ్మాళ్ గమనించింది. ఆ మంత్రసాని ఏ మందు పెట్టి దీని మనసు తిప్పిందో అనుకుంది.

ఐదో దినం మొదలాళి వేంకటాద్రి పిలిపించాడు. చెడ్డవాడు కాదు. పని మనుషుల ఇండ్లలో బిడ్డలు పోతుంటే అతనికీ నిద్ర లేదు. మర తిప్పే ఇద్దరు ఆడవాళ్లు ఇప్పటికే పని మానేశారు.

"ఆస్పత్రి నించి నర్సమ్మ సోమవారం విచారణకి వస్తా ఉండాది. నువ్వు చూసింది అంతా చెప్పు గోవిందమ్మా. ఆమె కాయిదంలో రాసినాదంటే, ఆ దినమే నాచ్చియార్ గుడిసె తీయిస్తాను. నా చేను గట్టున అట్లాంటిది ఇంగ ఉండకూడదు."

"చెప్తాను సామీ. దాని ముఖం మీదే చెప్తాను."

"కళ్లం కొంచెం నీటుగా పెట్టు. బయట మనిషి వస్తా ఉండాది."

సోమవారం అలికే రోజు కాదు. అయినా గోవిందమ్మాళ్ పొద్దు పొడవక ముందే లేచింది. మూడు కొట్టాలు తిరిగి పచ్చిపేడ తెచ్చింది. ఎవరు వేలెత్తి చూపినా తన నేల వైపు చూపకూడదు. ఇంటి గడప దాటేముందు తొంగి చూసింది. బిడ్డ నిద్రపోతున్నాడు.

ఏడో దినం.

*

నర్సు వేదవల్లి సైకిలు దిగి నేరుగా కళ్లానికే వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. తెల్లచీర, చంకలో అట్ట పుస్తకం. ఊరి పిల్లే. కొత్తగా అలికిన నేల పచ్చగా మెరుస్తోంది. షెడ్డు గుమ్మంలో వేంకటాద్రి, వెనక పని మనుషులు. దారి మీద రెండెడ్ల బండి. మారియప్పన్ దాని మీదకు తెల్ల మూటలు ఎత్తుతున్నాడు. గోవిందమ్మాళ్ చివరి వరస అలుకుతూ ఉంది.

"లేవొద్దమ్మా, పని చేస్తానే చెప్పండి," అంది వేదవల్లి. "పోయిన బిడ్డలు మూడు. మూడూ మీ షెడ్డు ఇండ్లేనా?"

"ఆమా, మా ఇండ్లే. మూడూ నాచ్చియార్ చేసిన కాన్పులే."

"అది నాకు తెలుసు. ఆమె దగ్గిరికి పోయే వస్తా ఉండాను. పోయిన వారం దాకా ఈ నాలుగు నెలల్లో ఆమె పదకొండు కాన్పులు చేసినాది. ఇండ్లిండ్లకీ పోయి చూసినాను. తక్కిన ఎనిమిది బిడ్డలూ గుండ్రాయి మాదిరి ఉండారు. చేతిలో దోషం ఉంటే మీ ఇండ్లలోనే ఎందుకు పోవాల?"

గోవిందమ్మాళ్ చెయ్యి సగం అర్ధచంద్రంలో నిలిచిపోయింది.

"ఆమె కత్తి చూస్తిరా? తుప్పు పట్టి ఉంటాది!"

"కొత్త బ్లేడు. నేనే ఇచ్చినాను. అన్ని ఇండ్లలో అదే రకం." వేదవల్లి పుస్తకం తెరిచింది. "ఆ ఎనిమిది ఇండ్లలో లేనిది, ఈ మూడిండ్లలో ఉండేది ఏంది? తొలికట్టు అంట. అది ఎన్ని యేండ్ల నించి ఇస్తా ఉండారు?"

"ఎనిమిదేండ్లాయె," అన్నాడు వేంకటాద్రి. "ఎప్పుడూ ఏ బిడ్డకీ ఏమీ కాలేదే!"

"సరి. మరి ఈ యేడు ఏమి మారె?"

మారియప్పన్ మూటను బండి మీద దింపి, తాటి మొద్దుల వైపు చూశాడు. వేంకటాద్రి కూడా చూశాడు. ఆ చూపుల వెంట గోవిందమ్మాళ్ కళ్లు వాటంతట అవే తిరిగాయి. నిరుడు దాకా ఆ మొద్దుల నడుమ కట్టిన తాళ్ల మీదే గుడ్డ ఆరేది. పనులు రెండింతలై తాళ్లు చాలకపోతే, 'వడ్లు ఆరేసే మాదిరి కళ్లం మీద పరుద్దాం సామీ, నేను అలికి ఇస్తాను' అన్నది ఆమే. పంగుని నెలలో. ఆ మరుసటి నెల చిత్తిరైలో మొదటి బిడ్డ పోయింది.

"తాళ్లు తీసేసి కళ్లం చేస్తిమి," అన్నాడు వేంకటాద్రి. "అయితే ఏం? శుద్ధమైన నేల కదమ్మా. పేడతో అలికింది."

వేదవల్లి కళ్లం అంచున గొంతుక్కూర్చుంది. తడి అలుకును ముట్టుకోలేదు.

"ఆవు కడుపులో కంటికి కనపడని ఒక పురుగు ఉంటాది. ఆవుకి ఏమీ చెయ్యదు. పేడలో బయటికి వస్తాది. ఎండ తగిలితే చస్తాదని అనుకొంటాము. చావదు. గింజ మాదిరి మారి, గట్టి తొడుగు వేసుకొని నిద్రపోతాది. ఏండ్లు గడిచినా నిద్రపోతానే ఉంటాది. ఇంట్లో అలికిన నేల మీద నడిస్తే ఏమీ లేదు. కోసిన బొడ్డు మీద, గాలి ఆడకుండా బిగించి కట్టితే మాత్రం ఆ గింజకి మడి దొరికినట్లే. మొలుస్తాది. దాని విషం నరాల్లోకి పోతాది. ఆరో దినమో ఏడో దినమో దవడలు పట్టుకొంటాయి."

"తెల్లమందులో తొట్లలో నానేస్తా ఉండామే!" అన్నాడు వేంకటాద్రి.

"నానేసి, కడిగి, తెచ్చి పేడ మీదే కదా పరుస్తా ఉండారు? పెద్ద ఆస్పత్రిలో డ్రమ్ములో పెట్టి ఆవిరితో ఉడికించినాకనే వాడతారు. తొలికట్టుని ఎవురు ఉడికిస్తారు? పొట్లం విప్పి నేరుగా..."

ఆ తర్వాతి మాటలు గోవిందమ్మాళ్‌కు వినబడలేదు. ఆమె తన చేతుల్ని చూసుకుంటోంది. పచ్చిపేడ మణికట్ల మీదుగా జారి, మోచేతుల నుంచి బొట్లుగా కిందికి పడుతోంది. ఒక్కో అర్ధచంద్రం. అంచు మీద అంచు. వేలెడు జాగా లేకుండా.

"ఏడో దినం," అంది.

"ఏందమ్మా?"

"నా మనవడికి ఈ దినం ఏడో దినం."

లేచింది. ఇన్నాళ్లూ ఎవరి కాలూ పడనివ్వని తడి అలుకును తొక్కుకుంటూ, పాదాల గుర్తులు వదిలేస్తూ పరుగెత్తింది.

*

ఇంటి తలుపు మూసి ఉంది. లోపల చప్పుడు లేదు.

"గోమతీ!"

తలుపు తెరుచుకుంది. గోమతి ముఖం పాలిపోయి ఉంది.

"ఎందుకమ్మా అట్లా అరుస్తావు? బిడ్డ ఇప్పుడే..."

"పాలు తాగినాడా?"

"లేదు. పొద్దున తాగినాడు. మళ్లీ పట్టితే వద్దనె. నిద్రపోతానే ఉండాడు."

గోవిందమ్మాళ్ గడప మీద కాలు పెట్టి ఆగిపోయింది. చేతులు ముందుకు చాచే ఉన్నాయి, మోచేతుల దాకా పచ్చగా. ఇరవై ఏళ్లుగా ఆ చేతులతోనే ఈ గడప అలికింది, బిడ్డల్ని ఎత్తుకుంది, అన్నం కలిపింది. ఇప్పుడు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. రెండూ వీపు వెనక దాచుకుంది.

"కట్టు విప్పు. బిడ్డ కట్టు విప్పు తల్లీ. నా గుడ్డలో విషం ఉండాది. నేనే పెట్టినాను. నా చేత్తో అలికి, నా చేత్తో చుట్టి... విప్పే! తొందరగా విప్పు!"

గోమతి కదల్లేదు. సైకిలు పడేసి వేదవల్లి కూడా లోపలికి వచ్చింది.

"సూది మందు మదురైనించి తెప్పించాల. వచ్చినా అంత చిన్న బిడ్డకి..." ఆమె మాట పూర్తి చేయలేదు. "అమ్మాయీ, ముందు నన్ను చూడనీ."

"నాచ్చియార్ అత్త ఒట్టు పెట్టించుకొనె," అంది గోమతి. కళ్లలో నీళ్లు. "అమ్మకి చెప్పొద్దని."

వంటింట్లోకి పోయింది. వడ్ల బాన మూత తీసిన చప్పుడు. వడ్లలోకి చెయ్యి దూర్చిన చప్పుడు. తిరిగొచ్చి అరచెయ్యి తెరిచింది.

నీలం పొట్లం. ఎర్రదారం. మూడు ముళ్లు. ఒక్క ముడి కూడా విప్పలేదు.

గోవిందమ్మాళ్ తన ముడిని తాను గుర్తుపట్టింది.

వేదవల్లి చేతులు కడుక్కుని, చీరముక్క మడతలు ఒక్కొక్కటే తీసింది. బొడ్డు మీద ఉతికి ఉతికి పల్చబడిన పాత నూలుచీర పేలిక. నాచ్చియార్ మూత కుండలో ఉడికించి, తన గుడిసెలో దండెం మీద ఆరేసిన గుడ్డ అది. చుట్టూ ఎర్రదనం లేదు, వాసన లేదు. బొడ్డు ఎండి, రాలడానికి సిద్ధంగా ఉంది.

"నీళ్లలో ఉడికిస్తే ఆ గింజలన్నీ చస్తాయని నేను చెప్పలేను," అంది వేదవల్లి. "కాని ఈ పేలికకి పేడ సోకలేదు. అదీ ఈ బిడ్డ పుణ్యం."

చల్లగాలి తగిలి బిడ్డ కాళ్లు ముడిచాడు. ముఖం చిట్లించాడు. పెదవులు పక్కలకు లాగుకున్నాయి. గోవిందమ్మాళ్ గోడకు చేరగిలబడింది. కమలమ్మాళ్ ఇంటి చీకటి గది, ఆ నవ్వులాంటి ముఖం కళ్ల ముందుకొచ్చాయి.

బిడ్డ నోరు తెరిచాడు. ఆవులించాడు. ఎర్రటి నాలుక, పళ్లు లేని చిగుళ్లు, కొండనాలుక దాకా కనబడేంత పెద్దగా, బద్ధకంగా. ముగ్గురు ఆడవాళ్లూ ఆ చిన్న నోటినే చూస్తూ నిలబడిపోయారు. నోరు మూసుకుని, మళ్లీ తెరిచి, పాల కోసం గుక్కపెట్టి ఏడ్చాడు.

*

గోవిందమ్మాళ్ మళ్లీ కళ్లానికి వచ్చేసరికి బండికి ఎద్దులు కట్టేశారు. ఆమె బండి ముందుకు పోయి కాడి పట్టుకుంది.

"దించు మారియప్పా."

"అక్కా, మొదలాళి చెప్పాల కదా..."

"దించు అంటిని!"

వేంకటాద్రి గుమ్మంలోంచి వచ్చాడు. ఆమె పొట్లాన్ని గుమ్మం పక్కనున్న బల్ల మీద పెట్టింది. తర్వాత, వెనకే వచ్చిన వేదవల్లి వైపు తిరిగింది.

"రాయండమ్మా. నాచ్చియార్ తప్పు లేదని రాయండి. కళ్లం నా యోచన. పేడ నేను తెచ్చినాను. అలికింది నేను. కట్టు కట్టింది నేను. గోవిందమ్మాళ్ అని పేరు రాయండి."

"నీకు తెలిసి చెయ్యలేదు కదా గోవిందమ్మా," అన్నాడు వేంకటాద్రి. "నేనూ సరి అన్నాను. నా పేరూ..." అతను ఆగాడు. పచ్చటి నేలను చూశాడు. "మారియప్పా, మూటలు దించు. తాళ్లు ఎక్కడ ఉండాయో చూడు."

గుడ్డ చుట్టే మరల దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఆడవాళ్లంతా బయటికి వచ్చారు. వాళ్ల మధ్యలో కమలమ్మాళ్ ఉంది. బిడ్డ పోయిన మూడో దినమే పనికి వచ్చేసింది. పాలతో తడిసిన రవిక. గోవిందమ్మాళ్‌ను చూసి, తల తిప్పుకుని, లోపలికి పోయింది. గోవిందమ్మాళ్ పత్తిచేను గట్టు వైపు నడిచింది.

నాచ్చియార్ గుడిసె ముందు కూర్చుని ఉంది. సామాను మూటకట్టి పెట్టుకుంది. రెండు చీరలు, ఒక గిన్నె, మూత కుండ.

"గుడిసె తీసేకి మనుషులు వస్తారని అనుకొంటిని," అంది. "నువ్వు వస్తివి."

గోవిందమ్మాళ్ ఆమె ముందు నిలబడింది.

"నీకు తెలిసే ఉండాది. మరి ఎందుకు చెప్పలేదు?"

"ఏం తెలుసు? పురుగు సంగతి నాకేం తెలుసు అక్కా? నీలం పొట్లం విప్పిన ఇండ్లలో బిడ్డలు పోతా ఉండాయి, పేలిక కట్టిన ఇండ్లలో బతుకుతా ఉండాయి. అంతే కంటికి కనిపించె. అడిగితే మట్టిపెళ్ల వేస్తిరి. చెప్పితే, తన తప్పు కప్పిపెట్టుకొంటా ఉండాదని అనరా? అనినారు కదా."

గోవిందమ్మాళ్ వంగి ఆమె చేతులు పట్టుకోబోయింది. నాచ్చియార్ చటుక్కున వెనక్కి తీసుకుంది. కోపంతో కాదు.

"ముందు చెయ్యి కడుక్కో. రేపు మంసాపురంలో కాన్పు ఉండాది నాకు."

మూట విప్పి కుండ తీసింది. మరిగి చల్లారిన నీళ్లు అడుగున ఇంకా ఉన్నాయి. సీకాయ పొడి గోవిందమ్మాళ్ అరచేతిలో పోసి, పైనుంచి నీళ్లు వంచింది. పచ్చటి నీళ్లు కారి మట్టిలో ఇంకాయి.

"గోళ్లు."

గోవిందమ్మాళ్ గోళ్లు రుద్దుకుంది.

"ఇంకొకసారి. సందుల్లో ఉండాది చూడు."

నీళ్లు తెల్లగా వచ్చినా నాచ్చియార్ పోస్తూనే ఉంది. గోవిందమ్మాళ్ కడుక్కుంటూనే ఉంది. దూరంగా మిల్లు సైరన్ మోగింది, షిఫ్టు మారే వేళ. గోవిందమ్మాళ్ పెదవులు మాత్రం కదులుతున్నాయి. పంగుని నుంచి ఆ కళ్లం మీద ఆరి, బండెక్కి పోయిన మూటలు. తెన్కాశికి ఆరు. తేనికి నాలుగు. కోవిల్‌పట్టి దగ్గర చిన్న ఆస్పత్రికి, ఆవిరి డ్రమ్ము లేని ఆస్పత్రికి, ఎనిమిది. వాటిలో ఏ గుడ్డ ఎవరి గాయం మీద ఉందో, ఇవాళ్టికి ఎన్నో దినమో.

"ఏంది అక్కా లెక్కపెడతా ఉండావు?"

గోవిందమ్మాళ్ తడి చేతులు ఎండలో పైకెత్తి పట్టుకుంది. ఇంత తెల్లగా వాటిని ఆమె ఎన్నడూ చూడలేదు.

"దినాలు," అంది.